పీడీఎఫ్ షఫ్లర్ కొత్త సిస్టంలో ఎక్కడం లేదు, ఎందుకు తీసేశారు?

పర్లాకిమిడి_డీటీపీ:
మాది జెరాక్స్, డీటీపీ షాపు. పెళ్లి కార్డులు తెలుగులోనూ ఒడియాలోనూ కొడతాం, మిగతా రోజంతా స్కానింగే. పట్టా కాగితాల పేజీలు సర్ది, తలకిందులైనవి తిప్పి ఒకే పీడీఎఫ్ చేయడానికి పీడీఎఫ్ షఫ్లర్ వాడతాను. పాత సిస్టంలో ఉన్నది లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్, అది 10 నుంచి 11, అక్కణ్ణుంచి 12కి వచ్చింది. అందులో ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. కౌంటర్ మీది సిస్టంలో 12 కొత్తగా వేస్తే మాత్రం ఆ ప్యాకేజీయే లేదంటోంది. పాతదాని డెబ్ ఫైలు (డెబియన్‌లో ప్రోగ్రాం ఎక్కించే ఫైలు) కాపీ చేసి ఎక్కించబోతే అది లేదు, ఇది లేదు అని చాంతాడంత లిస్టు. పనిచేసేదాన్ని ఎందుకు తీసేస్తారండీ? ఎంత చోటు తింటుందని? మా కుర్రాడు బటన్లు గుర్తుపెట్టుకుని పని చేస్తాడు, కొత్తది నేర్పాలంటే నాకు టెన్షన్.

గుణుపురం_టక్స్:
చోటు కోసం కాదండీ. అది పైథాన్ 2 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. పైథాన్ 2ని తయారుచేసినవాళ్లే 2020 జనవరి 1తో వదిలేశారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో అది లేనేలేదు.

పాతదైనంత మాత్రాన దేన్నీ తీసెయ్యరు. ఏళ్ల తరబడి కొత్త వెర్షన్ రానివి బోలెడున్నాయి, బగ్ పడితే చూసే మనిషి ఉంటే చాలు. డెబియన్‌లో ఆ ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్ నావల్ల కాదంటే ఆర్ఫన్ అని ప్రకటించి, ఇంకెవరైనా తీసుకుంటారేమో చూస్తారు. పెద్ద బగ్ పడి ఎవరూ పట్టించుకోకపోతే ముందు టెస్టింగ్ (రాబోయే డెబియన్ తయారయ్యే చోటు) నుంచి దానంతటదే పోతుంది, తర్వాత పూర్తిగా తీసెయ్యమని ఎవరో ఒకరు అడుగుతారు. ఫెడోరా అనే ఇంకో లైనక్స్‌కి ఇంత ఓపిక లేదు, ఆరు వారాలు ఆర్ఫన్‌గా ఉంటే రిటైరే.

నా భయమంతా మీ పాత సిస్టం గురించే. అప్‌గ్రేడ్‌లో ఇలాంటివి చాలాసార్లు అలాగే మిగిలిపోతాయి, వాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. మీరు తెరిచేవేమో ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లలోనో వచ్చిన ఫైళ్లు! టెర్మినల్‌లో ఆప్ట్ లిస్ట్ అని కొట్టి, పక్కన కోట్స్‌లో ప్రశ్నార్థకం, దాన్ని ఆనుకుని అబ్సొలీట్ అని కొట్టండి. డెబియన్ ఇప్పుడిచ్చే ప్యాకేజీల నిల్వల్లో (రిపోల్లో) లేనివన్నీ బయటపడతాయి. ప్రింటర్ కంపెనీ నుంచి దించుకున్న డ్రైవర్ కూడా కనిపించొచ్చు, దాన్ని పీకకండి.

పీడీఎఫ్ అరేంజర్ వేసుకోండి. షఫ్లర్ కోడ్ నుంచే పుట్టింది, పైథాన్ 3 మీద నడుస్తుంది, డెబియన్ 12లో ఉంది.

సిరొంచ_లైనక్స్:
షఫ్లరే కావాలంటే నెట్ తగిలించని పీసీలో డెబియన్ 10 పెట్టుకోవచ్చు. పాత ప్యాకేజీలన్నీ డెబియన్ వాళ్ల స్నాప్‌షాట్ సైట్‌లో ఉంటాయి.

గుణుపురం_టక్స్:
పెన్‌డ్రైవ్ గుచ్చే పీసీకి నెట్ లేకపోతే మాత్రం ఏం లాభం బాబూ?

పర్లాకిమిడి_డీటీపీ:
అరేంజర్ వేశాను. పేజీలు లాగడం, తిప్పడం అంతా అలాగే ఉంది, మావాడు నన్నేం అడగలేదు. పాత సిస్టం లిస్టులో పైథాన్ 2 ముక్కలు చాలా వచ్చాయి. తీసెయ్యనా?

గుణుపురం_టక్స్:
తీసెయ్యండి. ఎంటర్ కొట్టేముందు ఏమేం పోతాయో పూర్తిగా చదవండి. వాటిలో మీ డెస్క్‌టాప్ (తెర మీద మెనూలూ, కిటికీలూ చూపించే ప్రోగ్రాం) పేరు కనిపిస్తే అక్కడే ఆగి, ఆ లిస్టు ఇక్కడ పెట్టండి.