ఏనుగుకు లావు లేకపోవడమేమిటి?

"గజేంద్రుడు ఏనుగు కదా, ‘లావొక్కింతయు లేదు’ అంటాడేమిటి?" అని ఏడో తరగతి చదివే కొడుకు అడిగాడని నిన్న ఒకరు ఇక్కడ రాశారు. నవ్వుకున్నాను. కానీ పిల్లవాడు అడగవలసిందే అడిగాడు.

పోతన భాగవతంలోని గజేంద్రమోక్షంలో, మొసలి కాలు పట్టుకున్న ఏనుగు విష్ణువుకు పెట్టే మొర అది. ఇక్కడ లావంటే బలం. సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. సుమతీ శతకంలో "లావుగలవానికంటెను భావింపగ నీతిపరుడు బలవంతుండౌ" అని ఉంది. తమాషా ఏమిటంటే, కొండంత ఏనుగు మీద మావటివాడు ఎక్కడమే అక్కడా ఉపమానం. బలం అర్థం క్రమంగా జారిపోయి, ఒళ్లు మాత్రం మన నోట మిగిలింది.

మూడేళ్ల క్రితం నాకు రెండర్థాలూ ఒకేసారి సరిపోయాయి. కీమోథెరపీ నాలుగో విడత నాటికి పదిహేడు కిలోలు తగ్గాను. మాత్రల స్ట్రిప్పు చింపడానికి వేళ్లలో సత్తువ లేక, అమ్మ కత్తెరతో ఒక్కొక్క మాత్ర విడిగా కత్తిరించి గిన్నెలో వేసేది. బడిలో మార్కుల కోసం బట్టీపట్టిన పద్యం అప్పుడు దానంతటదే నోటికి వచ్చింది:

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

మొదటి రెండు పాదాల్లో దేవుడి పొగడ్త ఒక్కటి లేదు. డాక్టరు అడిగితే చెప్పినట్టు వరసగా ఒంటి సంగతులే.

అసలు నేను చెప్పదలచుకున్నది మూడో పాదం గురించి. "మన్నింపందగున్" అన్నచోట నేను చాలాకాలం "క్షమించు" అనే చదువుకున్నాను. చూడడానికి వచ్చిన బంధువొకావిడ "ఏ జన్మలో చేసిన పాపమో" అని నిట్టూర్చి వెళ్లిన రోజున ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఏం తప్పు చేశానని క్షమించమని అడగాలి? తర్వాత నిఘంటువు తిప్పితే మన్నించడమంటే ఆదరించడం, గౌరవించడం అని కూడా ఉంది. "పెద్దల మన్నన పొందాడు" అంటాం కదా, అదే ధాతువు. "దీనుణ్ణి ఆదరించడం నీకు తగును" అన్న అర్థం తెలిసిన రోజు రాత్రి పద్యాన్ని మళ్లీ మొదటినుంచి చదువుకున్నాను. జబ్బు తగ్గలేదు, కానీ నేరస్థుడిలా పడుకోవడం మానేశాను.

వ్యాఖ్యల్లో ఒకరు న్యాయంగానే అభ్యంతరం చెప్పారు: గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుని శాపం వల్ల ఏనుగయ్యాడు, కాబట్టి పాపం ప్రసక్తి కథలోనే ఉంది కదా అని. ఉంది, కాదనను. క్షమ అర్థమూ తప్పు కాదు. కానీ మడుగులో కాలు మొసలి నోట చిక్కినవాడు ఆ లెక్క తీయడం లేదు, పద్యంలో దాని ఊసే లేదు.

ఇంకొకరు దీనికి ముందు వచ్చే కందాన్ని గుర్తుచేశారు. "కలడందురు దీనుల యెడ" అంటూ మొదలై "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని ముగిసేది. "అందురు" అన్న మాట చూడండి, మూడుసార్లు వస్తుంది. దీనులలో ఉన్నాడంటారు, యోగులలో ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అంతా ఊరి మాటే. చివరికి అసలు ఉన్నాడా లేడా అన్న సందేహం. ఆ ప్రశ్నకు ఇంకా ఎవరూ బదులు చెప్పలేదు, విష్ణువు వైకుంఠం నుంచి కదలనూ లేదు. అయినా కొన్ని పద్యాల తర్వాత "వాడు" పోయి "నీవే" వచ్చింది. ప్రథమ పురుష మధ్యమ పురుష అయింది. సందేహం తీరాక పిలిచాడని పురాణం చెప్పేవాళ్లు అంటుంటారు. నాకు మాత్రం పిలవడం ముందు జరిగిందనిపిస్తుంది. ఆస్పత్రి మంచం మీద నేనూ నమ్మి పిలవలేదు.

ఆ అబ్బాయికి లావంటే బలమని చెప్పండి చాలు, మిగతాది ఇప్పుడే వద్దు. అన్నట్టు, "ఠావుల్" అంటే చోట్లు. ప్రాణాలు వాటి చోట్లు తప్పాయట. ఈ అర్థంలో "ఠావు" మీ ఇళ్లలో ఎవరైనా ఇంకా వాడుతున్నారా? మా ఇంట్లో అది కాగితాల లెక్కకే మిగిలింది, "రెండు ఠావులు తీసుకురా" అని.