ఎర్ర డీజిల్ పికప్‌లో పోయొచ్చా? పొలం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

పొలంగట్టు:

అందరికీ నమస్తే. డాలస్‌కి ఉత్తరాన గంటన్నర దూరంలో కిందటేడు నేనూ మా బావమరిదీ కలిసి 42 ఎకరాలు కొన్నాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు, శని ఆదివారాలు పొలం. ఒక ట్రాక్టర్ ఉంది, 2019 మోడల్ 6.7 లీటర్ల డీజిల్ పికప్ ఉంది. షెడ్డు పక్కన ఇనప కాళ్ళ మీద నిలబెట్టిన 300 గాలన్ల ట్యాంకు ఒకటి పాత ఓనర్ వదిలేసి వెళ్ళాడు, ఫోన్ చేస్తే టౌన్ నుంచి ట్యాంకర్ వచ్చి ఎర్ర డీజిల్ (రోడ్డు పన్ను లేకుండా పొలం పనులకి అమ్మేది, గుర్తుకి ఎర్ర రంగు కలుపుతారు) నింపి వెళ్తుంది. ట్రాక్టర్‌కి అదే వాడుతున్నాం.

విషయం ఏంటంటే, రెండు వారాల కింద ఆదివారం రాత్రి ఇంటికి బయల్దేరబోతే పికప్‌లో ముల్లు కింద ఎర్ర గీత మీద ఉంది, దగ్గర్లో బంకు అంటే 18 మైళ్ళు పోవాలి, మా బావమరిది "రంగు తప్ప తేడా ఏముంది, పొయ్యి" అంటే ఆ ట్యాంకులోంచి ఒక పది గాలన్లు పట్టేసి ఇంటికొచ్చేశాం. పక్క పొలం పెద్దాయనేమో నలభై ఏళ్ళుగా నా బండ్లన్నిటికీ ఇదే పోస్తున్నా, నన్ను ఎవరూ అడగలేదు అంటాడు. కానీ ఆ రాత్రి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఇంజన్‌కి ఏమన్నా అవుతుందా, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) పాడవుతుందా, దొరికితే ఎంత కట్టాలి, ఇప్పుడు పికప్ ట్యాంకులో మిగిలినదాన్ని ఏం చెయ్యాలి? వీసా మీద ఉన్నవాణ్ణి, చిన్న కేసైనా నా పేరు మీద ఉండటం ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు నిజం చెప్పండి, తిట్టినా పర్లేదు.

స్పానర్‌శీను:

తిట్టడానికేం లేదు తమ్ముడూ, అడిగావు, అదే మంచిపని. నేను హ్యూస్టన్‌లో డీజిల్ షాపులో 14 ఏళ్ళుగా పని చేస్తున్నా, ఇంజన్ సంగతి వరకు నేను చెప్తా.

మీ బావమరిది అన్నది ఈరోజుకి చాలావరకు నిజం, ఒకప్పుడు కాదు. పాత రోజుల్లో పొలం డీజిల్‌లో గంధకం 5,000 పీపీఎం (పది లక్షల్లో 5,000 వంతులు) దాకా ఉండొచ్చు. రోడ్డు డీజిల్‌ని 2006లో 15 పీపీఎంకి దించారు, ఎందుకంటే 2007 నుంచి వచ్చిన పికప్‌లకి డీపీఎఫ్ పెట్టారు, గంధకం ఎక్కువైతే పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిస్టులు చచ్చిపోతాయి. ఆఫ్‌రోడ్ డీజిల్‌ని, అంటే ఈ పొలం డీజిల్‌ని, 2007లో 500కి, 2010లో 15కి తెచ్చారు. కాబట్టి ఇప్పుడు మీ పొలానికొచ్చే ఎర్ర డీజిల్, బంకులో కొట్టించే డీజిల్ రెండూ గంధకం విషయంలో ఒకటే. కలిపే రంగు కూడా చాలా కొద్దిగా, దానివల్ల ఇంజెక్టర్లకీ డీపీఎఫ్‌కీ ఏమీ కాదు. ఆ పది గాలన్ల వల్ల నీ డీపీఎఫ్ పోయిందేమో అన్న దిగులు వదిలెయ్.

నాకు భయం వేసేది ఆ ట్యాంకు చూసి. పాత ఓనర్ వదిలేసిన ట్యాంకు, ఎండకీ వానకీ బయట నిలబడ్డది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంటే లోపలి గోడలకి చెమట పడుతుంది, ఆ నీళ్ళు అడుక్కి చేరతాయి, నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి, మన షాపుల్లో అందరూ నాచు అనే అంటారు. పాత ట్రాక్టర్ పంపు దాన్ని మింగేసి నడుస్తుంది. నీ పికప్ అలా కాదు. అందులో డీజిల్ దాదాపు 30,000 పీఎస్‌ఐ ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి పోతుంది, ఆ పంపుకి గ్రీజూ ఆయిలూ అంతా డీజిలే. అందులోకి నీళ్ళొస్తే పంపు ఎండి రాసుకుంటుంది.

రెండేళ్ళ కింద ఒక రాంచ్ నుంచి టో చేసుకుని ఒక పికప్ తెచ్చారు. ఫిల్టర్ కింద డ్రెయిన్ తిప్పి గాజు సీసాలో పట్టాను. అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు, దాని మీద తుప్పు పొక్కులు, పైన ఎర్రగా డీజిల్. ఫిల్టర్ కోసి తెల్ల గుడ్డ మీద పరిచి లైట్ వేసి చూస్తే జరీ పొడిలా మెరుస్తోంది, అది పంపు లోపలి ఉక్కు. ఆ పొడి ఫ్యూయల్ రైల్ గొట్టాలూ ఇంజెక్టర్లూ అన్నీ తిరిగేసింది, పైనుంచి కింద దాకా మార్చాల్సొచ్చి బిల్లు 11,000 డాలర్లు దాటింది. వారంటీ అడిగితే నీళ్ళ వల్ల పోయిందని చేతులెత్తేశారు. ఆయన డీజిల్ మీద ఆదా చేసింది ఏడాదికి మూడొందలు కూడా ఉండదు.

ఇంకోటి, ఆగస్టులో నింపిన డీజిల్ జనవరి దాకా అలాగే ఉంటే అది వేసవి డీజిల్, చలికి మైనం కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. 2021 ఫిబ్రవరి చలి టెక్సాస్‌లో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. బంకులో డీజిల్ రోజూ అమ్ముడుపోతుంటుంది, మీ ట్యాంకులోది ఎన్ని నెలలు కూర్చుంటుందో నీకే తెలియాలి.

లోడుబండి:

శీనన్న ఇంజన్ సంగతి బాగా చెప్పారు, చట్టం సంగతి నేను చెప్తా, ఎందుకంటే నేను కట్టాను.

ఫ్రెస్నో దగ్గర నాకు నాలుగు బండ్లున్నాయి, రెండు పెద్ద ట్రక్కులు, రెండు ట్రెయిలర్ లాగే డీజిల్ పికప్‌లు. మూడేళ్ళ కింద కొత్తగా చేరిన డ్రైవర్ ఒక బాదం తోటలో లోడు దించి, అక్కడి సూపర్‌వైజర్ పట్టుకోమంటే సరేనని 20 గాలన్లు పట్టుకున్నాడు, నాకు చెప్పలేదు. పది రోజుల తర్వాత రోడ్డు పక్కన తనిఖీలో ఆపారు. నేనూ వెనక బండిలోనే ఉన్నాను కాబట్టి కళ్ళారా చూశా. ట్యాంకు మూత తీసి సన్నటి గొట్టం దించి ఒక చిన్న గాజు సీసాలోకి లాగాడు, ఎండకెత్తి పట్టుకున్నాడు. మధ్యలో రెండుసార్లు బంకులో ఫుల్ కొట్టించినా సరే, పల్చటి రోజామిల్క్ రంగు కనపడుతూనే ఉంది. ఆయన ఏం మాట్లాడలేదు, సీసాకి చీటీ అంటించాడు, కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది.

లెక్క ఇది. ఫెడరల్ జరిమానా 1,000 డాలర్లు లేదా గాలన్‌కి 10 డాలర్లు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. రెండోసారి దొరికితే ఆ వెయ్యి రెండు వేలవుతుంది, మూడోసారి మూడు వేలు. ఎగ్గొట్టిన పన్ను వేరే, రాష్ట్రం వేసేది వేరే. తనిఖీకి ఒప్పుకోకపోతే దానికి ఇంకో వెయ్యి. తెలియదంటే వదిలేస్తారనుకోవద్దు, ఎర్ర డీజిల్ అమ్మే ప్రతి పంపు మీదా, బిల్లు మీదా, ఇది పన్ను లేని వాడకానికే, రోడ్డు మీద వాడితే జరిమానా అని రాసి ఉండాలి, అది రూలు. మీ ట్యాంకర్ వాడిచ్చిన బిల్లు తీసి చూడండి, ఉంటుంది.

ఇప్పుడు మీకు మిగిలేది చూడండి. ఫెడరల్ పన్ను గాలన్‌కి 24.4 సెంట్లు, టెక్సాస్ పన్ను 20 సెంట్లు, మొత్తం 44.4. మీ పికప్ ట్యాంకు 32 గాలన్లు అనుకుంటే ఫుల్ ట్యాంకు మీద 14 డాలర్లు. ఒక్కసారి దొరికితే 70 ట్యాంకుల ఆదా పోతుంది. మీ పక్క పొలం పెద్దాయన్ని నలభై ఏళ్ళు ఎవరూ అడగలేదంటే, రంగు కలిపే పద్ధతి వచ్చిందే 1993 తర్వాత కదండీ, అంతకుముందు అడగటానికి గుర్తేం లేదు.

రెండెడ్లబండి:

ఇంత టెన్షన్ అవసరం లేదు బ్రో. సగం సగం కలిపి పోసుకుంటే రంగు తెలియదు, రంగు తీసే మార్గాలు కూడా ఉన్నాయంటారు. మా ఏరియాలో పికప్‌లని ఎవడూ ఆపడు, పెద్ద ట్రక్కుల్నే ఆపుతారు.

లోడుబండి:

@రెండెడ్లబండి తమ్ముడూ, దయచేసి ఇలాంటివి రాయొద్దు, చదివి ఎవరో ఒకరు చేస్తారు. రంగు తియ్యడానికో మార్చడానికో ప్రయత్నించినా అదే సెక్షన్ కింద అదే జరిమానా, పైగా తెలియక చేశామని చెప్పుకునే వీలు కూడా పోతుంది. కలిపితే తెలియదన్నది నా కళ్ళముందే అబద్ధమైంది, ల్యాబ్‌కి పంపితే కంటికి కనపడని రంగు కూడా బయటపడుతుంది. ఇక ఆపరంటారా, మా డ్రైవర్‌ని ఆపింది పికప్‌లోనే.

పద్దులపుస్తకం:

నేను సీపీఏని, అంటే అకౌంటెంట్‌ని, ఆస్టిన్‌లో ఉంటాను. పొలంగట్టు గారూ, జరిమానా గురించి పైన చెప్పినది సరైనదే. మీ వీసా భయం గురించి ఒక్క మాట, ఈ ఫెడరల్ జరిమానా పన్ను చట్టం కింద వేసే డబ్బు జరిమానా, అరెస్టు కాదు. అయినా మీ ప్రత్యేక పరిస్థితి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగితే మనశ్శాంతి.

నేను చెప్పదలుచుకున్నది వేరే, చాలామంది పొలం క్లయింట్లకి తెలియనిది. పన్ను కట్టని డీజిల్‌ని రోడ్డు బండిలో పొయ్యడం తప్పు, కానీ పన్ను కట్టిన, రంగు కలపని తెల్ల డీజిల్‌ని పొలంలో ట్రాక్టర్‌కి పొయ్యడం తప్పు కాదు, పైగా ఆ ఫెడరల్ పన్ను వెనక్కి తీసుకోవచ్చు. ఫారం 4136 అని ఉంది, ఏటా రిటర్న్‌తో పాటు పెట్టాలి, వ్యవసాయానికి పొలంలో వాడిన తెల్ల డీజిల్‌కి గాలన్‌కి 24.3 సెంట్లు క్రెడిట్ వస్తుంది. బంకు రసీదులు దాచుకోండి, ట్రాక్టర్‌లో ఏ తేదీన ఎన్ని గాలన్లు పోశారో ఒక నోటుబుక్కులో రాయండి, షెడ్డు తలుపుకి పెన్సిల్ కట్టి వేలాడదీసుకున్నా చాలు. పొలం నుంచి గడ్డి మోపులో పశువులో వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళిన డీజిల్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది రోడ్డు వాడకమే. మీది 42 ఎకరాలే కాబట్టి, అన్నిటికీ తెల్లదే కొని క్రెడిట్ తీసుకుంటే ఒకటే ట్యాంకు, ఒకటే రంగు, అర్ధరాత్రి పొరపాటు జరిగే అవకాశమే ఉండదు. నేనైతే అదే చేస్తాను. కాకపోతే అసలు వ్యవసాయం జరుగుతుండాలి, ఆదాయం ఖర్చు చూపిస్తుండాలి, వీకెండ్ సరదాకి గడ్డి కోసుకుంటే కుదరదు.

హరికేన్ల సమయంలో ఎర్ర డీజిల్ రోడ్డు మీద వాడుకోనిచ్చారు కదా అని ఒకరిద్దరు నన్ను అడుగుతుంటారు. నిజమే, 2017లో హార్వే వచ్చినప్పుడు టెక్సాస్‌కి ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) అలా సడలించింది, కానీ కొన్ని రోజులకే, అదీ 24.4 సెంట్లు కట్టాలన్న షరతుతో.

రొయ్యలచెరువు:

నేను భీమవరం నుంచి. మనదగ్గర ఇలా రంగు డీజిల్ లేదు, ట్రాక్టర్‌కైనా లారీకైనా బంకులో పన్నుతో కొట్టించే డీజిలే. రంగు అంటే గుర్తొచ్చేది రేషన్ షాపు నీలి కిరసనాయిలు. మా చిన్నప్పుడు అది డీజిల్‌లో కలిపి ఆటోలూ లారీలూ నడిపేవాళ్ళు, ఆ పొగకి కళ్ళు మండేవి. రంగు వెయ్యడం వెనక ఆలోచన ఒకటేనన్నమాట, చవగ్గా ఇచ్చింది వేరే దారి పట్టకుండా.

శీను గారూ, ఒక సందేహం. చెరువుల మీద ఏరేటర్లకి కరెంటు పోతే జనరేటర్ వేస్తాం, దానికి డ్రమ్ముల్లో డీజిల్ తెచ్చి పెడతాం. నాది బీఎస్6 పికప్, డ్రమ్ములోది పట్టి పోస్తే ఏమన్నా అవుతుందా? మా మెకానిక్ వద్దంటున్నాడు.

స్పానర్‌శీను:

మీ మెకానిక్ మాట వినండి. డీజిల్ ఒకటేనండీ, బీఎస్6 వచ్చాక అక్కడ గంధకం 10 పీపీఎం, ఇక్కడికంటే తక్కువే. కానీ చెరువు గట్టు మీద డ్రమ్ము అంటే తేమ, ఉప్పుగాలి. జనరేటర్‌కి సర్దుకుంటుంది, కొత్త పికప్‌లలో ఉండే కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడి) పంపుకి సర్దుకోదు. తప్పదంటే డ్రమ్ము అడుగు నుంచి పట్టకుండా, అడుగున జానెడు వదిలేసి పైది మాత్రమే పట్టి, నీళ్ళు ఆపే ఫిల్టర్ గరాటాతో పొయ్యండి, ఫిల్టర్ కింద నీళ్ళ డ్రెయిన్ నెలకోసారి తిప్పండి. కిరసనాయిలు మాత్రం చుక్క కూడా వద్దు, దాంట్లో జిడ్డు తక్కువ, పంపు అరిగిపోతుంది.

@పొలంగట్టు నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది. పికప్‌ని రోడ్డెక్కించకు. ట్యాంకు డ్రెయిన్ చేయించి, వచ్చినదాన్ని ట్రాక్టర్‌లో పోసెయ్, అది దాని తిండే. ఫిల్టర్లు రెండూ మార్పించు, ఆ పాత ఫిల్టర్‌లో రంగు ఉండిపోతుంది. తర్వాత బంకులో ఫుల్ కొట్టించి కొన్ని మైళ్ళు నడిపి డ్రెయిన్ నుంచి సీసాలో కాస్త పట్టి చూడు, ఎర్ర జీర ఉంటే మళ్ళీ చెయ్. ఇంకోటి, డ్రెయిన్ చేసింది పట్టేటప్పుడు పసుపు క్యాన్ వాడు. ఎర్ర డీజిల్ కదా అని ఎర్ర క్యాన్‌లో పోస్తుంటారు కొత్తవాళ్ళు, ఇక్కడ ఎర్ర క్యాన్ పెట్రోల్‌ది, పసుపు డీజిల్‌ది. ఆ క్యాన్ చూసి ఎవరో గడ్డి మిషన్‌లో పోస్తే అదో గోల.

పొలంగట్టు:

అందరికీ చాలా థాంక్స్. రెండు వారాలుగా బండి వాడుతూనే ఉన్నా, మీరు రాసింది చదివాక నిన్నటి నుంచి గరాజ్‌లో పెట్టేశా. ఇవాళ మొబైల్ మెకానిక్‌ని ఇంటికి పిలిపించి డ్రెయిన్ చేయించా, దాదాపు తొమ్మిది గాలన్లు వచ్చింది, మధ్యలో బంకులో కొట్టించినా ఇంకా లేత ఎరుపే. ఫిల్టర్ గిన్నెలో చెంచాడు నీళ్ళున్నాయి, అది చూసి గుండె జారింది. పంపు పర్లేదన్నాడు, శబ్దం మామూలుగానే ఉంది.

ఈ శనివారం పొలం వెళ్ళి ట్యాంకు అడుగు నుంచి ఒక సీసా పట్టి ఫోటో పెడతా, శీను అన్నా, చూసి చెప్పు, శుభ్రం చేయించాలా లేక మార్చెయ్యాలా. ఉన్న ఎర్రది ట్రాక్టర్‌కి అయిపోయాక తెల్లదే నింపించి ఫారం 4136కి వెళ్ళాలనుకుంటున్నాం. పద్దులపుస్తకం గారూ, గడ్డి మోపులు అమ్మిన లెక్క నా దగ్గరుంది, మెసేజ్ పెడుతున్నా. మా బావమరిదికి ఈ చర్చ మొత్తం పంపించా, ఇంకా ఏమీ అనలేదు, ట్యాంకు నాజిల్‌కి తాళం కొనుక్కొస్తానని మాత్రం రాశాడు.