ఫుకెట్‌లో చెల్లి పెళ్ళి: ప్లానర్‌ని పెట్టుకోవాలా, మనమే లాగించేయాలా?

వైట్‌ఫీల్డ్ వాసి:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు, పదేళ్ళుగా బెంగళూరులోనే. చెల్లి పెళ్ళి మాఘమాసంలో థాయ్‌లాండ్‌లో, ఫుకెట్‌లో అనుకుంటున్నాం, రెండువైపులా కలిపి 80 మంది. ఇందిరానగర్‌లో ఒక ప్లానర్‌ని కలిస్తే మొత్తం ఖర్చు మీద 12 శాతం ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ అన్నాడు. నాన్నేమో రిసార్ట్‌వాళ్ళకి మెయిల్ పెడితే వాళ్ళే చేస్తారు మధ్యలో ఇతనెందుకు అంటారు, చెల్లేమో ప్లానర్ లేకపోతే పెళ్ళిరోజు కూడా నువ్వు ఫోన్ పట్టుకునే తిరుగుతావు అంటుంది. చేసినవాళ్ళు చెప్పండి.

జయనగర్ అక్క:
పెట్టుకో తమ్ముడూ. మా మరిది పెళ్ళి శ్రీలంకలో, బెంటోటాలో, ప్లానర్ లేకుండానే చేశాం. రిసార్ట్‌లో ఒకమ్మాయిని ఇచ్చారు, పాపం మంచిదే కానీ తనకి తెలిసింది బఫే, స్టేజి, కేకు. జీలకర్ర బెల్లం కావాలంటే గిన్నెలో స్పూన్ వేసి పట్టుకొచ్చింది, స్వీటనుకుంది. హోమం హాల్లో పెడితే పొగకి అలారం మోగుతుందని ఆ పొద్దున చెప్పారు, మండపం మొత్తం లాన్‌లోకి మోయించాం. కర్పూరం, ఎండుకొబ్బరి ఫ్లైట్‌లో పోనివ్వరని కూడా మాకు తెలీదు, ఎయిర్‌పోర్ట్‌లోనే తీయించేశారు. తలంబ్రాల టైంకి నేను రిసెప్షన్‌లో రూముల గురించి వాదిస్తున్నా, ఒక్క ఫొటోలో లేను.

గోదారోడు:
అక్కా మీరు చెప్పినవన్నీ నిజమే కానీ శాతం లెక్కన ఫీజు ఇస్తే మాత్రం మునిగినట్టే. ఖర్చు పెరిగేకొద్దీ అతనికి ఎక్కువొస్తుంది, ఇంక ఆ ఆర్కిడ్ల గోడ ఎందుకు సార్ దండగ అని ఎందుకంటాడు? పైగా హోటల్ దగ్గర కమిషన్, డెకరేటర్ దగ్గర కమిషన్. మా పెదనాన్న కొడుకు పెళ్ళికి ఒకడు రూముల అడ్వాన్స్ కూడా తన ఖాతాలోనే వేయించుకున్నాడు, హోటల్‌కి టైంకి కట్టలేదు, పది రూములు వేరేవాళ్ళకి పోయాయి, పెళ్ళికొడుకు మేనమామ కిలోమీటర్ అవతల లాడ్జిలో పడుకుని ఇప్పటికీ మాట్లాడట్లేదు. పెట్టుకుంటే ఫిక్స్‌డ్ ఫీజుకి పెట్టుకో, హోటల్ అగ్రిమెంట్ మాత్రం మీ నాన్నగారి పేరు మీదే, డబ్బు నేరుగా హోటల్‌కే.

జయనగర్ అక్క:
ఫిక్స్‌డ్ అయితే మంచిదే. కానీ ఊరికే కమిషన్ కమిషన్ అంటారు, మీ వీధి కేటరింగాయన తీసుకోడా ఏంటి.

చిత్తూరు చిన్నోడు:
అన్నా, ప్లానర్ చెప్పనివి కొన్ని ఉండాయి. నగలు ఇక్కణ్ణించే తీసుకుపోతా ఉంటే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చేయించుకోండి, లేదంటే తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నారా అని డ్యూటీ అడుగుతారు. ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అని ముందే కొంత ఇన్‌కమ్ ట్యాక్స్ పట్టుకుంటారు, పోయేది కాదు కానీ ఎవరి పాన్ మీద పడుతుందో చూసుకోండి, నాన్న రిటైరై ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాల. మాఘం కాబట్టి వాన భయం లేదు, శ్రావణంలో అయితే ఫుకెట్ వద్దనేవాణ్ణి. ఇంకోటి, హిందూ వివాహ చట్టం కింద ఇక్కడ వట్టి రిజిస్టర్ చేసేసి అక్కడ పెళ్ళి చేద్దామంటే కుదర్దు. తంతు జరక్కుండా వట్టి సర్టిఫికెట్ ఉంటే హిందూ పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే చాలామంది ఇక్కడ గుళ్ళో చిన్నగా తాళి కట్టించి, రిజిస్టర్ చేయించి, ఆ తర్వాత ఫ్లైట్ ఎక్కుతారు.

సంజయ్‌నగర్ తాతయ్య:
అంటే రెండుసార్లు తాళా నాయనా? అసలు ముహూర్తం ఏది మరి? గుళ్ళోదే ముహూర్తమైతే ఫుకెట్‌లో జరిగేది విందు, దానికి ఇంత హడావుడి ఎందుకు? ఫుకెట్‌దే ముహూర్తమంటే అక్కడి సూర్యోదయానికి లగ్నం కట్టించాలి. ఇక్కడి లగ్నానికి గంటన్నర కలిపేసి సరిపెడతారు కొందరు, గడియారం తేడా వేరు, లగ్నం వేరు. ఆ కుర్ర ప్లానర్‌కి ఇది తెలుసా అని అడుగు బాబూ.

గోదారోడు:
తాతగారూ, వాళ్ళకి లగ్నం కన్నా సూర్యాస్తమయం ముఖ్యం, ఫొటోల్లో బాగా వస్తుందని.

వైట్‌ఫీల్డ్ వాసి:
తాతగారూ, అడిగాను. "సన్‌సెట్ స్లాట్‌కి ముహూర్తం జరపగలరా సార్" అన్నాడు, నాన్న లేచి బయటికెళ్ళిపోయారు. ప్రస్తుతానికి అనుకున్నది: హోటల్, టికెట్లు మేమే, ఆ మూడు రోజులు అక్కడ నిలబడి చూసుకోడానికి మాత్రం ఫిక్స్‌డ్ ఫీజుకి మనిషి. ఇందిరానగర్ ఆయన అలా చేయం అనేశాడు, ఇంకో ఇద్దర్ని అడుగుతున్నా. ఈలోగా కొత్త తలనొప్పి, మా ఒంగోలు పంతులుగారికి అసలు పాస్‌పోర్టే లేదంట.