ఒకే సరస్సు, ఒకే గడ్డి, రెండు మూడు రకాల అడవి బాతులు: గుడ్లు పెట్టే చోట ఎలా సర్దుకుంటాయి?

బందరుకాలువ (విజయవాడ):
చలికాలంలో చిలికకు వెళ్లిన వాళ్లందరికీ తెలిసిందే, బార్‌హెడెడ్ గీస్, గ్రేలాగ్ గీస్ (గూస్ అంటే పెద్దబాతు, గీస్ దాని బహువచనం) పక్కపక్కనే మేస్తుంటాయి. ఇక్కడ సరే, తిండి దండిగా ఉంటుంది. నా సందేహం మంగోలియా, టిబెట్ వైపు అవి గుడ్లు పెట్టే చోటు గురించి. అక్కడ వేసవి చిన్నది, గడ్డి కొంచెం, పిల్లలు గుడ్డులోంచి వచ్చిన మర్నాటి నుంచే సొంతంగా మేయాలి. దగ్గరి జాతులు ఒకే సరస్సు మీద పడితే గూటి జాగా, మేత ఎలా పంచుకుంటాయి? పెద్దది చిన్నదాన్ని తరిమేస్తుందా? ఒక జాతి ఇంకో జాతితో జత కట్టదా? చూసినవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి.

లడఖ్_లెన్స్ (గుంటూరు):
సో కర్, సో మోరిరి, హాన్లే మూడు చోట్లా గూళ్ల సీజన్‌లో కెమెరా పెట్టుకుని కూర్చున్నవాణ్ని, ఈ గ్రూపులో ఆ సీజన్ చూసినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి నేనే చెప్తాను. లడఖ్‌లో గూడు పెట్టే గూస్ బార్‌హెడెడ్ ఒక్కటే. గ్రేలాగ్ అక్కడ గుడ్లు పెట్టదు, ఇక పోటీ ఎక్కడిది? దాని గడ్డిలో వాటా అడిగేది కియాంగ్ గాడిదలు, చాంగ్‌పా సంచార కాపరుల పష్మీనా మేకలు, కొంత చక్రవాకాలు. చక్రవాకం బొరియల్లో, రాతి సందుల్లో గుడ్లు పెడుతుంది, గూస్ లంకల మీద నేలమీదే పెడుతుంది, కాబట్టి గూటి దగ్గర తగువు రాదు. ఇవన్నీ చిన్న విషయాలు. ఎవరెస్టు మీదుగా ఎగిరే పక్షి అది, దాని గురించి మాట్లాడండి.

జువాలజీ_మేడమ్ (గుంటూరు):
ఎవరెస్టు మాట ఆపండి. శాటిలైట్ ట్యాగులు కట్టి చూసినప్పుడు నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. ప్రయాణంలో చాలా భాగం అంతకన్నా బాగా కిందనే, లోయల వెంట, రాత్రిపూటా తెల్లవారుజామునా సాగుతుంది. అంత పల్చటి గాలిలో రెక్కలాడించడమే గొప్ప, దానికి ఎవరెస్టు తగిలించనక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. గూస్ నెమరు వేయదు, పీచు దానికి సరిగా అరగదు, తిన్నది ఒకటి రెండు గంటల్లో బయటికి పోతుంది. అందుకే మాంసకృత్తులు ఎక్కువున్న లేత చిగురు కోసం వెతుకుతుంది, పిల్లలకైతే అది తప్పనిసరి. పోటీ అంటూ వస్తే ఆ లేత మేత దగ్గర వస్తుంది, ముదురు గడ్డి ఎంతున్నా లెక్కలోకి రాదు. బార్‌హెడెడ్ లంకల మీద గుంపుగా గూళ్లు పెడుతుంది, గ్రేలాగ్ రెల్లుదుబ్బుల్లో దూరి పెడుతుంది. సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మిగతా సగం ముక్కు తీరుస్తుంది. స్వాల్‌బార్డ్ దీవులు (నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్‌లో) చూడండి, మూడు గూస్ జాతులున్నాయి. పింక్‌ఫుటెడ్ మే నెల మధ్యకల్లా దిగి, మంచు కరిగిన తడినేలలో ముక్కు గుచ్చి వేర్లు తవ్వుకు తింటుంది. బార్నకిల్ ముక్కు పొట్టిది, తవ్వడానికి పనికిరాదు, పొట్టి గడ్డిని గబగబా కొరుకుతుంది, గడ్డి దొరక్కపోతే నాచు కూడా తింటుంది. బ్రెంట్ ఇంకా చిన్నది. గూళ్ల విషయంలో కూడా అంతే, పింక్‌ఫుటెడ్ ఆర్కిటిక్ నక్కను కాస్త ఎదిరించగలదు కాబట్టి పెద్ద దీవుల వాలుల మీదే గుడ్లు పెడుతుంది. బార్నకిల్ అంత పెద్దది కాదు, చిన్న లంకలకీ కొండ చరియలకీ పోతుంది. చరియ మీద పుట్టిన పిల్లలు ఎగరడం రాకముందే కిందికి దూకాల్సిందే.

టొరంటోలో_గుంటూరోడు:
మేడమ్ గారూ, మీరు చెప్పినంత సర్దుబాటు ఇక్కడ కనిపించడం లేదు. పార్కులో మా పాపని కెనడా గూస్ తరిమి రెక్కతో కొట్టింది, అప్పట్నుంచి ఏప్రిల్, మే నెలల్లో చెరువు గట్టుకు పోవాలంటేనే టెన్షన్. సరే, అది గూడు కాపలా కాసే మగది, దాని తప్పు లేదు. ఉత్తరాన హడ్సన్ బే తీరం మాత్రం చదివి తీరాలి. చర్చిల్ ఊరి దగ్గర లా పెరూజ్ బే అని ఉంది. అక్కడ స్నో గీస్ మేత మొదట్లో గడ్డికి మేలే చేసింది, వాటి రెట్ట ఎరువై చిగుళ్లు ఇంకా వచ్చేవి. తర్వాత సంఖ్య విపరీతంగా పెరిగింది. గడ్డి మొలవకముందే వచ్చి వేర్లతో సహా పీకడం మొదలుపెట్టాయి. నేల బోడిగా మారి, ఎండకి లోపలి ఉప్పు పైకొచ్చి, అక్కడ మళ్లీ గడ్డి పట్టలేదు. వాటి సొంత పిల్లలే గిడసబారాయి. జేమ్స్ బేలో అకిమిస్కి దీవి మీద స్నో గీస్ మేసేసిన చోట పక్కజాతి కెనడా గూస్ పిల్లలు కూడా ఎదగలేదు. కారణం ఏమిటంటే చలికాలంలో టెక్సాస్, లూసియానా వరి చేలల్లో, మొక్కజొన్న చేలల్లో రైతుల పుణ్యాన కడుపునిండా తిని అన్నీ బతికి బట్టకట్టడమే.

పెదకాకాని_రైతుబిడ్డ:
చివరికి రైతు మీదకే తెచ్చారు. రైతు వాటిని పిలిచి భోజనం పెట్టాడా? కోతలో రాలిన గింజ తిన్నాయి, బలిశాయి, అక్కడ నేల పాడు చేశాయి, నింద మాత్రం వరి వేసినవాడిది. మా దగ్గరా ఇంతే, నారుమడిలో పక్షులు దిగితే ఎవరికీ పట్టదు, డప్పు కొడితే మాత్రం ఫోటో తీసి పెడతారు.

లడఖ్_లెన్స్:
తమ్ముడూ, పక్షులకి రెండు కంకులు వదిలితే నీ పొలం ఏమీ మునిగిపోదు. అవి నీకన్నా ముందు నుంచి ఉన్నాయి.

పెదకాకాని_రైతుబిడ్డ:
రెండు కంకులు అంటున్నారు చూడండి, నారుమడి తొక్కితే మళ్లీ విత్తనం, మళ్లీ దుక్కి, కాలువ నీళ్ల వంతు పోయిందంటే ఇక ఆ కారుకి నాట్లు లేవు. కౌలు మాత్రం కట్టాలి. మీ లెన్స్ ఖరీదు నా ఎకరం కౌలుకన్నా ఎక్కువ. నాకు పక్షులంటే కోపం లేదు, లెక్క తెలియకుండా చెప్పే నీతులంటేనే కోపం.

కొల్లేటిగట్టు (కైకలూరు):
రైతుబిడ్డ అన్నది నిజం. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మా చెరువూ పోయింది. సరస్సు పక్షులదే, ఒప్పుకుంటాను, 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) పెట్టారు, బాగుంది. కానీ బతుకుతెరువు పోయిన వాళ్ల గురించి ఈ గ్రూపులో ఒక్క పోస్టయినా వచ్చిందా? ఆటపాక గూడబాతుల (పెలికన్ల) ఫోటోలు మాత్రం రోజూ వస్తాయి.

జువాలజీ_మేడమ్:
ఇద్దరూ కాస్త తగ్గండి. స్నో గీస్ పెరగడానికి గింజ ఒక్కటే కారణం కాదు. దారి పొడవునా రక్షిత ప్రాంతాలు వచ్చాయి, వేట తగ్గింది, ఉత్తరాన కొన్నేళ్లు వాతావరణం కలిసొచ్చింది. 1999లో అమెరికాలో వసంతకాలపు వేటకి ప్రత్యేక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది, అంతకీ అదుపులోకి తేవడం కష్టమైంది. రైతుని దోషి చేసి చెప్పడం సరైన జీవశాస్త్రం కాదు. పక్షులు కాబట్టి నష్టం సహించమనడం కూడా న్యాయం కాదు లెన్స్ గారూ.

లడఖ్_లెన్స్:
మేడమ్ పుస్తకం చదివి చెప్తారు, నేను అక్కడ మోకాళ్ల లోతు బురదలో నిలబడి చెప్తున్నాను. తేడా ఉంటుంది.

ఉప్పలపాడు_చెరువు:
ఎక్కడో కెనడా దాకా ఎందుకండీ, మా ఊరికి రండి. చిన్న ఊరచెరువు, నీళ్ల మధ్య తుమ్మచెట్లు, ఆ కొమ్మల మీదే గూడబాతులు, పెయింటెడ్ కొంగలు, ఓపెన్‌బిల్ కొంగలు, నల్లతల కంకణాలు (ఐబిస్ పక్షులు) అన్నీ పిల్లల్ని లేపుతాయి. ఊళ్లో వాళ్లం రాయి వేయనివ్వం, టపాసులు కాల్చనివ్వం. నిజంగా గర్వంగా ఉంటుంది.

టొరంటోలో_గుంటూరోడు:
ఉప్పలపాడు నాకూ ఇష్టమే అన్నా, కానీ అడిగింది దగ్గరి జాతుల గురించి. గూడబాతుకీ కంకణానికీ చుట్టరికం ఎక్కడ?

ఉప్పలపాడు_చెరువు:
పెయింటెడ్ కొంగ, ఓపెన్‌బిల్ రెండూ కొంగల్లో ఒకే కుటుంబం కదా. ఒకటి సగం తెరిచిన ముక్కు నీళ్లలో పెట్టుకుని తగిలిన చేపని టక్కున పడుతుంది. రెండోది పొలాల్లో నత్తలు తప్ప పెద్దగా ఇంకోటి ముట్టదు. ఒకే చెట్టు, వేరే వంటకం. రైతుబిడ్డ గారూ, ఆ నత్తలు మీ వరికి చేసే నష్టం తగ్గించేది కూడా ఈ కొంగే, అది కూడా లెక్కలో వేయండి.

పెదకాకాని_రైతుబిడ్డ:
వేస్తాను. కొంగ మీద నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు.

బందరుకాలువ:
జత కట్టడం గురించి ఎవరూ చెప్పలేదు.

జువాలజీ_మేడమ్:
కడతాయి. కెనడా ఆర్కిటిక్‌లో కరాక్ సరస్సు దగ్గర స్నో గీస్, వాటికన్నా చిన్నవైన రాస్ గీస్ కలిసి గూళ్లు పెడతాయి, సంకరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఒక దారి ఇది: గూళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఒక ఆడది పక్కగూట్లో గుడ్డు పెట్టి పోతుంది. ఆ పిల్ల పెంచినవాళ్లనే అమ్మానాన్నలనుకుని, పెద్దయ్యాక అలాంటి రూపాన్నే జతగా వెతుకుతుంది. గుంపుగా ఉండటంలో ఇంకో ప్రమాదం రోగం. 2005లో చైనాలో చింఘాయ్ సరస్సు దగ్గర బర్డ్‌ఫ్లూ వచ్చి వేల పక్షులు పోయాయి, వాటిలో బార్‌హెడెడ్ చాలా ఎక్కువ.

కొల్లేటిగట్టు:
రెడ్‌బ్రెస్టెడ్ గూస్ గురించి ఎక్కడో చదివాను, డేగ గూటి పక్కనే గుడ్లు పెడుతుందట, నిజమా?

టొరంటోలో_గుంటూరోడు:
నిజమే. సైబీరియాలో టైమిర్ వైపు పెరిగ్రిన్ డేగ గూటికి దగ్గర్లోనే పెడుతుంది. డేగ తన గూటి చుట్టుపక్కల నక్కని రానివ్వదు, ఆ నీడలో గూస్ గుడ్లు మిగులుతాయి. లెమింగ్ ఎలుకలు తగ్గిన ఏడాది నక్కలన్నీ గుడ్ల మీద పడతాయి, అప్పుడు ఈ కాపలా విలువ ఇంకా ఎక్కువ. ఒకే టండ్రాలో మిగతా గీస్ లంకలు వెతుక్కుంటే ఇది కాపలాదారుని వెతుక్కుంది.

లడఖ్_లెన్స్:
లడఖ్‌లో ఆ నక్క పని కుక్కలు చేస్తున్నాయి. సో కర్ దగ్గర వీధికుక్కలు గుంపులుగా తిరిగి గూస్ గుడ్లు, నల్లమెడ క్రేన్ గుడ్లు తినేస్తున్నాయి. నీళ్లు తగ్గి లంక ఒడ్డుకి అతుక్కున్న ఏడాది ఇక ఆ గూళ్ల మీద ఆశ లేదు. జూన్‌లో వెళ్లేవాళ్లు దయచేసి క్యాంపు మిగులు తిండి బయట పడేయనివ్వకండి, మీ డ్రైవర్‌కీ చెప్పండి. గూళ్లున్న వైపు ఒడ్డు దాకా బండి దింపమని అడగకండి, నేనైతే దూరం నుంచే తీస్తాను.