‘ఒకరి నీడన ఒకరు’: ఐరిష్ సామెతలో ఉన్నది ఏ నీడ?

ప్రశ్న: ఐరిష్‌లో ఒక సామెత ఉంది: ‘ఎర్ స్కా అ ఖేలె అ వారెన్ న దీనె’. దీన్ని ‘మనుషులు ఒకరి నీడన ఒకరు బతుకుతారు’ అని తెలుగు చేశాను. ఇప్పుడు అనుమానం పట్టుకుంది. ఎప్పుడూ ముసురు పట్టే ఆ దేశంలో నీడ కోసం దేవులాడేదెవరు?

జవాబు: ‘నీడ’ మార్చకండి. ‘స్కా’ అంటే నీడా అవుతుంది, చాటూ అవుతుంది. గొడుగుని కూడా వాళ్లు ‘వాన స్కా’ అనే అంటారు.

ఐర్లండ్ పడమటి తీరాన, గాల్వే అఖాతం ముందున్న ఆరన్ దీవుల్లో నడిమిది ఇనిష్ మాన్. జనం 200 లోపే, ఇప్పటికీ ఇంట్లో మాట ఐరిషే. నేలంతా సున్నపురాయి పలక, చెట్లు బహు అరుదు. పూర్వం వాళ్లు రాళ్లేరి గోడలు పేర్చి, ఆ మడుల్లో ఇసుకా సముద్రపు నాచూ పరిచి, మన్ను తయారుచేసుకుని మరీ బంగాళాదుంపలు వేశారు. గోడలో అడుసుండదు, సున్నముండదు. రాళ్ల సందుల్లోంచి అవతలి వెలుగు కనబడుతుంది. అట్లాంటిక్ గాలి ఆ సందుల్లో జల్లెడ పట్టినట్టు పోతుంది కాబట్టి గోడ నిలుస్తుంది, వెనకున్న మొక్కకి గాలి జోరు తగ్గుతుంది. స్కా అంటే అదీ!

ఇక ఆ దీవిలో పొయ్యిలోకి కట్టెల్లేవు, పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకుని అయ్యే మట్టి) కూడా లేదు. ఎదుటి కనెమారా తీరంలో పీట్ బోలెడు. తడినేలలో దిమ్మలుగా కోసి, ఎండబెట్టి కాల్చుకుంటారు. అక్కడ గ్రానైటే కానీ సున్నపురాయి లేదు. తెరచాప పడవలు ఇటు పీట్ తెచ్చేవి, అటు సున్నపురాయి పట్టుకెళ్లేవి. ఇదీ ఒకరి నీడన ఒకరు బతకడమే. గ్యాస్ బండలొచ్చాక ఆ బేరం పోయిందనుకోండి.

ఇంకొకరు: మరి ‘ఒకరి చాటున ఒకరు’ అంటే తేలిపోతుందిగా?

జవాబు: అమ్మో, ఏదో గుట్టు వ్యవహారం నడుస్తున్నట్టుంటుందండీ! ‘తలదాచుకోను నీడ లేదు’ అంటే మనం మాత్రం ఎండ ఒక్కదాని గురించే అంటున్నామా? నా పేచీ ‘బతుకుతారు’తోనే. ‘వారెన్’లో బతకడంతో పాటు నిలదొక్కుకోవడం కూడా ఉంది. మనకి ‘మను’ అనే ధాతువు ఉండనే ఉంది, మనుగడలో ఉన్నది అదే. పైగా మూలంలో ‘ఒకరి నీడన’ అన్న మాటే ముందొస్తుంది, ఊనికంతా దాని మీదే. కాబట్టి ‘ఒకరి నీడన ఒకరే మనుషులు మనేది’ అని రాసి చూడండి.