ట్రెండింగ్ వార్తల్లో ఏది నిజమో మీరెలా తేల్చుకుంటున్నారు?

కృష్ణలంక కుర్రాడు:
విజయవాడ వరదలప్పుడు, 2024 సెప్టెంబరు 2, ఇంకా తెల్లారలేదు. డాలస్ నుంచి మా అన్నయ్య ఫోన్. "ప్రకాశం బ్యారేజీ కొట్టుకుపోయిందంటరా, అమ్మను తీసుకుని మేడెక్కు!" నేను మేడ మీదే ఉన్నా, బ్యారేజీ లైట్లు కనిపిస్తూనే ఉన్నాయి. వాడు పంపిన వీడియోలో చూస్తే ఫెళ్లున ఎండ. మాకేమో రెండు రోజులుగా ఎండ పొడే లేదు! అసలు జరిగింది వేరు. పడవలు కొట్టుకొచ్చి గేట్లను గుద్దితే కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలు, దెబ్బతిన్నాయి. అదే డాలస్ చేరేసరికి బ్యారేజీ పోయినంత పనైంది.

సింగ్‌నగర్ సుబ్బలక్ష్మి:
మా తంటా ఇంకోటి బాబూ. టీవీలో, ఫోన్లో ఎక్కడ చూసినా బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అనే. అది తగ్గుతోందనగానే మావారు "సాయంత్రానికి నీళ్లు తీసేస్తాయిలే" అన్నారు. మెట్ల పక్క గోడ మీద పిల్లాడి స్కెచ్ పెన్నుతో గీత గీసి గంటగంటకీ చూశాను. అంగుళం దిగితే ఒట్టు! దిగదు మరి. మా ఇంట్లోకి వచ్చింది కృష్ణ నీళ్లు కాదు, బుడమేరు వాగువి. కట్టకు పడ్డ మూడు గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ అయింది. ఫోన్లో మాత్రం రెండు వరదలూ ఒకటే, 'విజయవాడ ఫ్లడ్స్'. మాకు కావాల్సిన కబురు ఆ గోలలో కలిసిపోయింది.

కూకట్‌పల్లి కోడర్:
అక్కా, మీరన్నది కరెక్ట్. ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో 100 చూసి మా ఆఫీసులో కూడా కంగారు పడతారు. అది వెతికినవాళ్ల లెక్క కాదు. మనం ఎంచుకున్న రోజుల్లో ఆ మాటను అన్నిటికంటే ఎక్కువగా వెతికిన సమయానికి 100 ఇస్తారు, మిగతావి దాంతో పోల్చి వేస్తారు. భయపడి వెతికినా, తిట్టడానికి వెతికినా గీత పైకే పోతుంది.

గోదారి గట్టు:
2016లో కొత్త 2000 నోటులో చిప్ ఉందన్నారు, గుర్తుందా? మా పెదనాన్న నోటును బల్బుకు అడ్డంపెట్టి పావుగంట వెతికాడు. పక్కనే టార్చి పట్టుకున్నది నేనే, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా.

సింగ్‌నగర్ సుబ్బలక్ష్మి:
😂 ఇంతకీ ఆ ఎండ వీడియో ఎక్కడిది బాబూ?

కృష్ణలంక కుర్రాడు:
వీడియో ఆపి స్క్రీన్‌షాట్‌ను, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేశానండీ. పాతదని తేలింది. అయినా అంత దూరం పోనక్కర్లేదు, మూలనున్న కొట్టు బోర్డు మీద మలయాళం! ఇప్పుడు వాన పడితే అన్నయ్య వీడియోలు పంపడు. "మేడెక్కి ఏం కనిపిస్తోందో చెప్పరా" అంటాడు.