సమస్యాపూరణం: ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. ఈసారి పురాణాల జోలికి వెళ్లొద్దండీ, 142857 అనే సంఖ్య మీదే పూరించాలి. 2 నుంచి 6 వరకు దేనితో హెచ్చవేసినా అవే అంకెలు, అదే వరుసలో, వేరే చోట మొదలై వస్తాయి.

మొదటి పూరణ:

ఒకటి నాల్గు రెండు నొక యెన్మి దైదేడు
వరుస దిరిగి వచ్చు వలయ మనగ
వెనుక మూడు ముందు వెలసిన యంతనే
ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె

– ధార బాగుంది. 142, 857 చోటు మార్చుకుని 857142 కావడం మూడో పాదంలో కళ్లకు కట్టింది. "యంతనే" తర్వాత "యారు" అంటే విసంధి (సంధి చేయకుండా అచ్చును విడిగా వదిలేయడం) పోతుంది. అలా ఎందుకు జరుగుతుందో మాత్రం పద్యంలో లేదు.

రెండో పూరణ:

ఒకటి నేడు చేత నొనరగా భాగింప
చుక్క వెనుక నివియె చుట్టు దిరుగు
ఏడు వంతులందు నెంచి యారుంచగా
నారు రెట్లు పెరిగి యట్లె నిలిచె

– అసలు రహస్యం పట్టుకున్నారు మాస్టారూ! చదివాక కాగితం తీసుకుని భాగహారం మళ్లీ చేశాను. 1ని 7తో భాగిస్తుంటే శేషాలు 3, 2, 6, 4, 5, 1. ఏడుకు లోపలి శేషాలన్నీ ఒక్కోసారి వచ్చాకే మళ్లీ మొదటికి వస్తాం. ఏడింట ఆరు వంతులంటే, అదే చక్రంలో శేషం 6 దగ్గర అడుగుపెట్టడం. అక్కడ వచ్చే అంకె 8, కాబట్టే 857142. ఒక్క మాట, "ఒకటి నేడు" అన్నచోట "ఈరోజు" అని వినిపిస్తోంది. "ఏడు చేత నొకటి నెలమి భాగింపగా" అంటే ఎలా ఉంటుంది? "ఎలమి" పాదం నింపడానికి వేసిందే, అయినా అన్వయం తేటపడుతుంది.

– చాలా బాగుందండీ, మార్చుకుంటాను.

మూడో పూరణ (ఇదే నా మొదటి పద్యం, కాస్త టెన్షన్‌గా ఉంది):

ఏడు చేత హెచ్చ నెల్లను తొమ్మిదుల్
మార్పు లేని రూపు తిరిగి రాదు
అంతవరకు మాత్ర మా యంకెలన్నియు
ఆరు రెట్లు పెరిగి యట్లె నిలిచె

– మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నానమ్మా. అందరూ ఆరు దగ్గర ఆగితే, మీరు ఏడు దాకా వెళ్లి 999999 చూపించారు. రెండో పాదంలో "మా"కు "తి"తో యతి కుదరలేదు. "మరల రాదు" అనండి, సరిపోతుంది.

– ధన్యవాదాలండీ. కానీ ఇప్పుడే 8తో హెచ్చవేసి చూశాను, 1142856 వచ్చింది. ముందున్న 1 తీసి చివరి అంకెకు కూడితే మళ్లీ 142857! అలాంటప్పుడు "మరల రాదు" అనొచ్చా?

– అనకూడదు. యతి చూసుకున్నాను గానీ లెక్క చూసుకోలేదు, పొరపాటు నాదే. 9తో 1285713 వస్తుంది, అలాగే కూడితే 285714, అంటే రెండు రెట్ల రూపం. "మార్పు లేని రూపు మాయమయ్యె" అని మార్చండి. ఏడు దగ్గర మాయమైందన్నాం, అంతే. మళ్లీ రాదని ఎక్కడా అనలేదు.